బయాప్సీ రాకముందే రాసిన కాగితం: ఒక ఆంకా వాస్కులైటిస్ కేసు, ఒక జూనియర్ శిక్షణ

ఆంకా వాస్కులైటిస్ అంటే ఆంకా అనే యాంటీబాడీల వల్ల చిన్న రక్తనాళాలు వాచే జబ్బు. రోగి వయసు 58. గుర్తుపట్టే వీలు లేకుండా ఆవిడ వివరాలు కొన్ని మార్చాను. ఎనిమిది నెలల క్రితం మామూలుగా చేయించుకున్న పరీక్షల్లో క్రియాటినిన్ (కిడ్నీ వడపోత తగ్గితే రక్తంలో పెరిగే అంకె) 0.9. గత రెండు నెలలుగా నీరసం, కీళ్ల నొప్పులు, సాయంత్రాలు సన్నటి జ్వరం ఉన్నాయి. బరువు ఐదు కిలోల దాకా తగ్గింది. ఐదు వారాల క్రితం మూత్రం రంగు మారిందని చూపించుకుంటే ఇన్ఫెక్షన్ అని యాంటీబయాటిక్ ఇచ్చారు. అప్పటి క్రియాటినిన్ 1.6. కల్చర్‌లో ఏమీ పెరగలేదు. అయినా రెండో విడత యాంటీబయాటిక్ కూడా నడిచింది. మా వార్డులో చేరిన రోజు క్రియాటినిన్ 3.1, హిమోగ్లోబిన్ 7.9, బీపీ 168/96. కాళ్లకు కొద్దిగా వాపు ఉంది.

నెఫ్రాలజీ మొదటి సంవత్సరంలో ఉన్న జూనియర్ కేసు చెప్పాడు: "మూత్రంలో ఇన్ఫెక్షన్, దాని మీద అక్యూట్ కిడ్నీ ఇంజురీ, మేడమ్." అక్యూట్ కిడ్నీ ఇంజురీ అంటే కిడ్నీ ఉన్నట్టుండి దెబ్బతినడం. అతను చదవక అలా చెప్పలేదు. గ్లోమెరులస్ (కిడ్నీలో రక్తాన్ని వడకట్టే సన్నటి రక్తనాళాల ఉండ) జబ్బుల మీద పరీక్ష పెడితే మంచి మార్కులే వస్తాయి. కానీ ల్యాబ్ రిపోర్టులో "ఎర్రకణాలు 20–25, పస్ కణాలు 8–10" అని కనబడగానే పస్ కణాలనే పట్టుకున్నాడు. అంతకుముందు చూసిన డాక్టర్లూ అక్కడే ఆగిపోయారు. పస్ కణాలంటే తెల్లకణాలే, గ్లోమెరులస్ వాచినప్పుడు కూడా అవి మూత్రంలోకి వస్తాయి. కల్చర్ శుభ్రంగా ఉండి, ఎర్రకణాలు పోకుండా, ప్రోటీన్ 2+ ఉండి, క్రియాటినిన్ ఐదు వారాల్లో రెట్టింపైతే దాన్ని ఇన్ఫెక్షన్ అని వదిలేయడానికి వీల్లేదు.

నేను అడిగింది ఒక్కటే. "మూత్రం నువ్వు చూశావా?"

చూడలేదు. రిపోర్టు చూశాడు. ఆ రెంటికీ మధ్య ఉన్న తేడా దగ్గరే మా శిక్షణ మొదలవుతుంది.

స్లైడు

ల్యాబ్ మెషిన్ కణాలను లెక్కపెడుతుంది. కణం ఆకారం ఏమిటో, అది ఎక్కడి నుంచి వచ్చిందో చాలా రిపోర్టుల్లో ఉండదు. అందుకే జూనియర్లు ఎవరి రోగి మూత్రాన్ని వారే స్వయంగా తిప్పి చూడాలని మా వార్డులో నియమం. అప్పుడే పట్టిన మూత్రం 10 మిల్లీలీటర్లు తీసుకుని, నిమిషానికి 1500 నుంచి 2000 చుట్ల వేగంతో 5 నిమిషాలు సెంట్రిఫ్యూజ్‌లో పెట్టాలి. పై నీరు పారబోసి, అడుగున మిగిలిన అర మిల్లీలీటరును వేలితో తట్టి కలిపి, ఒక చుక్క స్లైడు మీద వేసి కవర్‌స్లిప్ పెట్టాలి. గంట, రెండు గంటలు దాటిన మూత్రం పనికిరాదు. కాస్ట్‌లు (కిడ్నీ గొట్టాల్లో అచ్చుపోసినట్టు తయారయ్యే కడ్డీలు) కరిగిపోతాయి, కణాల ఆకారం చెడిపోతుంది.

అతను నేరుగా 40 లెన్స్ పెట్టి మధ్యలో వెతకడం మొదలుపెట్టాడు. ముందు 10 లెన్స్ పెట్టమన్నాను. కండెన్సర్ కిందికి దించి వెలుతురు తగ్గించమన్నాను. కవర్‌స్లిప్ నాలుగు అంచులూ తిరిగి రమ్మన్నాను, ఎందుకంటే కాస్ట్‌లు అంచులకు చేరతాయి. వెలుతురు తగ్గాక అంతవరకూ ఖాళీగా కనిపించిన చోట కణాలు తేలాయి. కొన్ని గుండ్రంగా, మామూలుగా ఉన్నాయి. చాలావాటికి అంచున బుడిపెలున్నాయి, ఉంగరానికి చిన్న బుడగలు అతికించినట్టు. అవి అకాంతోసైట్లు. ఎర్రకణాల్లో అవి 5 శాతం దాటితే రక్తం గ్లోమెరులస్ నుంచే వస్తోందని గట్టిగా నమ్మవచ్చు.

కాసేపటికి "ఇక్కడేదో దారం ఉంది మేడమ్" అన్నాడు. దారమైతే అంచులు నల్లగా, మెరుస్తూ ఉంటాయి, లోపల కణాలుండవు. ఇతను చూపించినదానికి రెండు వైపులా సమాంతరంగా అంచులున్నాయి, ఒక కొస గుండ్రంగా ఉంది, లోపల ఎర్రకణాలు ఒకదానినొకటి ఒరుసుకుని కూర్చున్నాయి. అది ఎర్రకణాల కాస్ట్. కిడ్నీ గొట్టాల్లో తయారయ్యే యూరోమోడ్యులిన్ అనే ప్రోటీన్ గడ్డకట్టేటప్పుడు అందులో చిక్కుకున్నవి ఆ కణాలు. అంటే రక్తం కిడ్నీ లోపలే మూత్రంలో కలిసింది, మూత్రాశయంలో కాదు. ఈ తర్కాన్ని అతని నోటితోనే చెప్పించాను. చెప్పడం పూర్తికాకముందే "అయితే ఇది ఆర్.పి.జి.ఎన్. కదా మేడమ్" అన్నాడు. రోజుల్లో, వారాల్లో కిడ్నీని తినేసే గ్లోమెరులోనెఫ్రైటిస్, అంటే గ్లోమెరులస్ వాపు, అన్నమాట. ఆ క్షణం నుంచి అతను నడిచే వేగమే మారింది.

కాగితం

రక్త పరీక్షలు, బయాప్సీ రాకముందే జూనియర్ ఒక కాగితం రాయాలి. పెన్నుతో రాయాలి, తేదీ, సమయం, సంతకం ఉండాలి. ఇది ఏ సిండ్రోమ్? ఏయే మూడు జబ్బులు, ఏ వరుసలో? ప్రతి జబ్బులో కాంప్లిమెంట్లు (సీ3, సీ4 వంటి రక్తంలోని రక్షణ ప్రోటీన్లు), యాంటీబాడీలు, బయాప్సీ ఇమ్యునోఫ్లోరెసెన్స్ (ముక్కలో పేరుకున్న యాంటీబాడీలను వెలుగుతో చూపే పరీక్ష) ఎలా ఉంటాయి? ఈ రాత్రికి ఏం చేస్తావు?

రిపోర్టు చేతిలోకి వచ్చాక అందరికీ "నేనూ అదే అనుకున్నాను" అనిపిస్తుంది. ఆ భ్రమ నేర్చుకోనివ్వదు. ముందే రాసిపెట్టిన కాగితం ఉంటే ఎక్కడ సరిగ్గా ఆలోచించాడో, ఎక్కడ తప్పాడో దాచడానికి ఉండదు. తప్పు రాస్తే మేం ఎవరమూ కోప్పడం. రాయకుండా వస్తే మాత్రం నేను రౌండ్స్‌లో ముందుకు కదలను.

అతను మొదట లూపస్ (రోగనిరోధక శక్తి సొంత అవయవాల మీదే తిరగబడే జబ్బు) అని రాశాడు. ఆడమనిషి, కీళ్ల నొప్పులు, రక్తహీనత, మూత్రంలో రక్తం, ప్రోటీన్: ఇదీ కారణం. రెండోది ఆంకా వాస్కులైటిస్. మూడోది ఇన్ఫెక్షన్ వెంట వచ్చే గ్లోమెరులోనెఫ్రైటిస్. లూపస్ అయితే సీ3, సీ4 రెండూ తగ్గుతాయనీ, ఇమ్యునోఫ్లోరెసెన్స్‌లో అన్ని రకాల యాంటీబాడీలూ వెలుగుతాయనీ రాశాడు. ఆంకా అయితే కాంప్లిమెంట్లు మామూలుగా ఉండి, ఇమ్యునోఫ్లోరెసెన్స్ దాదాపు ఖాళీగా ఉంటుంది. ఇన్ఫెక్షన్ అయితే సీ3 మాత్రమే తగ్గడం మామూలు. ఈ మూడు వరుసలూ చక్కగా రాశాడు.

నేను ఒక ప్రశ్న చేర్చాను. "ఈ జాబితాలో లేని ఏ జబ్బును మరిచిపోతే రేపటికల్లా కిడ్నీ పోతుంది?" ఆలోచించి యాంటీ జీబీఎం (గ్లోమెరులస్ పొర మీద యాంటీబాడీలు దాడి చేసే జబ్బు) అని నాలుగో వరుస రాశాడు. అందులో ప్లాస్మా మార్పిడి (ఆ యాంటీబాడీలున్న ప్లాస్మాను తీసేసి వేరేది ఎక్కించడం) వెంటనే మొదలుపెట్టాలి, ఒకటి రెండు రోజుల ఆలస్యం కూడా ఖరీదైనదే. యాంటీ జీబీఎం ఉన్నవారిలో దాదాపు మూడో వంతు మందిలో ఆంకా కూడా పాజిటివ్ వస్తుంది. అందుకే ఒకటి వచ్చాక రెండోది అని కాకుండా రెండూ ఒకేసారి పంపాలి. ఇలాంటి జాబితాలో సంభావ్యత ఎక్కువ ఉన్నది పైన ఉండాలని అందరూ నేర్పుతారు. ఆలస్యం చేస్తే ఎక్కువ నష్టం తెచ్చేది కూడా జాబితాలో కచ్చితంగా ఉండాలన్నది అంతే ముఖ్యం.

ఆ రాత్రి

స్టెరాయిడ్ పల్స్ (కొద్ది రోజులు పెద్ద మోతాదులో స్టెరాయిడ్) ఆ రాత్రే ఇవ్వాలని అతనికీ తెలుసు. "ఆంకా రిపోర్టు రేపు సాయంత్రం వస్తుంది మేడమ్, అంతవరకూ ఆగుదామా?" అని అడిగాడు. ఆగకూడదు. ఈ రకం జబ్బులో గ్లోమెరులస్‌లు గంటగంటకూ దెబ్బతింటాయి. అయితే స్టెరాయిడ్‌కి ముందు రెండు పనులు బెడ్ దగ్గరే జరగాలి.

మొదటిది గుండె చప్పుడు వినడం. గుండె కవాటం ఇన్ఫెక్షన్ అచ్చం ఇలాగే రావచ్చు: జ్వరం, బరువు తగ్గడం, రక్తహీనత, గ్లోమెరులోనెఫ్రైటిస్, పైగా ఆంకా పాజిటివ్ కూడా. ఆ రోగికి పల్స్ స్టెరాయిడ్ ఇస్తే ప్రాణం మీదకు వస్తుంది. అతను విన్నాడు, నేనూ విన్నాను. మర్మర్ (కవాటం దెబ్బతింటే వినిపించే అదనపు శబ్దం) లేదు. బ్లడ్ కల్చర్లు తీసి, ఎకో చేయించి, ఛాతీ ఎక్స్‌రే చూశాం. ఊపిరితిత్తుల్లో రక్తస్రావం లేదు. హెపటైటిస్ బి, సి, హెచ్.ఐ.వి. పరీక్షలు పంపాం. హెపటైటిస్ బి లో ఉపరితల యాంటిజెన్ ఒక్కటే కాదు, కోర్ యాంటీబాడీ కూడా అడగాలి, తర్వాత రిటుక్సిమాబ్ (యాంటీబాడీలకు మూలమైన బి కణాలను తొలగించే మందు) ఇవ్వాల్సి వస్తే అదే కీలకం.

రెండోది మందుల సంచి తెరవడం. కేస్ షీట్‌లో "థైరాయిడ్ మాత్ర" అని ఉంది. అతను వెళ్లి "అమ్మా, ఆ మాత్రల స్ట్రిప్ ఒకసారి చూపిస్తారా?" అని అడిగి చూశాడు. లెవోథైరాక్సిన్, థైరాయిడ్ తక్కువైతే ఇచ్చేది. అదే థైరాయిడ్ ఎక్కువైతే ఇచ్చే ప్రొపైల్‌థయోయురాసిల్ అయి ఉంటే కథ వేరు. ఆ మందు, బీపీకి వాడే హైడ్రలజిన్ రెండూ ఎం.పి.ఓ. రకం (ఆంకాలో ప్రధాన రకాలు రెండు: ఎం.పి.ఓ., పీఆర్3) ఆంకా జబ్బును తెప్పించగలవు. అప్పుడు చికిత్సలో మొదటి అడుగు ఆ మందు ఆపడమే. "థైరాయిడ్ మాత్ర" అన్న రెండు మాటల వెనుక పూర్తిగా వ్యతిరేకమైన రెండు మందులున్నాయని అతను ఇక మరిచిపోడు.

వయసు యాభై దాటింది, రక్తహీనత ఉంది, కిడ్నీ దెబ్బతింది కాబట్టి మైలోమా (ఎముక మజ్జలో యాంటీబాడీలు చేసే కణాల క్యాన్సర్) పరీక్షలు కూడా పంపాం. మూత్రంలో ముంచి చూసే డిప్‌స్టిక్ ప్రధానంగా అల్బుమిన్‌నే చూస్తుంది, మైలోమాలో వచ్చే లైట్ చెయిన్లు అనే యాంటీబాడీ ముక్కలను పట్టుకోలేదు. ఈ కేసులో అవి నెగటివ్, అంతకుమించి చెప్పేదేమీ లేదు.

మిథైల్‌ప్రెడ్నిసోలోన్ 500 మి.గ్రా. ఆ రాత్రే మొదలై మూడు రోజులు నడిచింది.

మరుసటి రోజు క్రియాటినిన్ 3.8. సీ3, సీ4 మామూలుగానే ఉన్నాయి, లూపస్ కోసం చూసే ఏ.ఎన్.ఏ. యాంటీబాడీ నెగటివ్. అతను కాగితం తీసి లూపస్ మీద అడ్డంగా గీత గీసి, పక్కన కారణం రాశాడు. సాయంత్రం ఎం.పి.ఓ. ఆంకా బలంగా పాజిటివ్, యాంటీ జీబీఎం నెగటివ్ అని వచ్చాయి.

బయాప్సీ

ఆంకా పాజిటివ్ వచ్చింది కదా, బయాప్సీ ఎందుకని ఇంట్లోవాళ్లు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. సమాధానం అతన్నే చెప్పమన్నాను. బయాప్సీ జబ్బు పేరును ఖాయం చేయడమే కాదు, ఇంకా కాపాడుకోదగ్గ కిడ్నీ ఎంత మిగిలిందో చెబుతుందని వివరించాడు. విషపూరితమైన మందులు ఎంత గట్టిగా, ఎంతకాలం వాడాలో దాని మీద ఆధారపడుతుంది. రక్తస్రావం జరిగే ప్రమాదం గురించి కూడా దాచకుండా చెప్పాడు. సంతకం ఆ తర్వాతే తీసుకున్నాడు.

బీపీని 140/90 లోపుకి తెచ్చాక, అల్ట్రాసౌండ్ చూస్తూ ఎడమ కిడ్నీ కింది కొస నుంచి ముక్కలు తీశాం. కిడ్నీలు 10.2, 10.4 సెంటీమీటర్లు, అంటే కుంచించుకుపోలేదు. జూనియర్లు తరచూ నిర్లక్ష్యం చేసేది ముక్క తీశాక జరిగే పని. అన్ని ముక్కలనూ ఫార్మాలిన్‌లో వేస్తే ఇమ్యునోఫ్లోరెసెన్స్ పోయినట్టే. ఏ ముక్కలో గ్లోమెరులస్‌లున్నాయో చిన్న మైక్రోస్కోప్ కింద అక్కడే చూసి, లైట్ మైక్రోస్కోపీకి, ఇమ్యునోఫ్లోరెసెన్స్‌కి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీకి విడదీయాలి. గ్లోమెరులస్‌లు ఎర్రటి చుక్కల్లా కనిపిస్తాయి. అతనే విడదీసి, తనే పట్టుకుని పాథాలజీకి వెళ్లాడు.

పాథాలజిస్టు పక్కన కూర్చుని జూనియర్ తన రోగి బయాప్సీ చూడటానికి ఏ పుస్తకమూ సాటిరాదు. మొత్తం 22 గ్లోమెరులస్‌లు. వాటిలో 12లో కణాలతో నిండిన క్రెసెంట్లు (గ్లోమెరులస్ చుట్టూ నెలవంకలా పేరుకున్నవి), 2లో చిన్న నెక్రోసిస్ (చచ్చిపోయిన భాగం), 3 పూర్తిగా గట్టిపడ్డాయి, 5 మామూలుగా ఉన్నాయి. ఇమ్యునోఫ్లోరెసెన్స్ దాదాపు ఖాళీ. ఇంటర్‌స్టీషియం (గొట్టాల మధ్య కణజాలం) మచ్చ 20 శాతం. 2010లో వచ్చిన బెర్డెన్ వర్గీకరణలో సగం గ్లోమెరులస్‌లలోనో అంతకంటే ఎక్కువలోనో కణాల క్రెసెంట్లుంటే క్రెసెంటిక్ వర్గం. క్రెసెంట్ అన్న మాట వినగానే భయపడటం జూనియర్లకు అలవాటు. పాథాలజిస్టు చూపించింది దానికి విరుద్ధం: కణాలతో ఉన్న క్రెసెంట్ తాజాది, మందుకు లొంగేది. నారతో గట్టిపడ్డదే తిరిగి రానిది. ఇక్కడ గట్టిపడ్డవి 3 మాత్రమే. క్రియాటినిన్ అప్పటికి 4.4కి చేరినా, ఈ కిడ్నీ కోసం పోరాడాలని నిర్ణయించుకోవడానికి ఆ లెక్కే ఆధారం.

మందుల ఎంపిక

ఇక్కడ అతని చేత వాదన చేయించాను. ప్లాస్మా మార్పిడి ఇవ్వాలా, వద్దా? ఈ జబ్బులో ప్లాస్మా మార్పిడినీ, స్టెరాయిడ్ మోతాదునూ పరీక్షించిన, 2020లో వచ్చిన పెక్సివాస్ అధ్యయనంలో 704 మంది పాల్గొన్నారు. మరణాన్ని, శాశ్వత కిడ్నీ వైఫల్యాన్ని కలిపి చూస్తే ప్లాస్మా మార్పిడి తగ్గించలేదు. తర్వాత అన్ని అధ్యయనాలనూ కలిపి చూసినప్పుడు, క్రియాటినిన్ బాగా ఎక్కువున్నవారిలో మొదటి ఏడాది డయాలసిస్ అవసరం తగ్గింది, కానీ తీవ్రమైన ఇన్ఫెక్షన్లు పెరిగాయి. క్రియాటినిన్ 3.4 దాటితే ఆలోచించవచ్చని కిడ్నీ జబ్బుల అంతర్జాతీయ సంస్థ కెడిగో 2024 మార్గదర్శకాలు అంటాయి. ఈ రోగికి ఊపిరితిత్తుల రక్తస్రావం లేదు, యాంటీ జీబీఎం నెగటివ్, బరువు తగ్గి బలహీనంగా ఉంది. లాభనష్టాలు రెండూ ఆవిడకు చెప్పాం. వద్దనుకున్నాం. మరో డాక్టరు ఇదే రోగికి ఇస్తే నేను తప్పుపట్టను. ఇలాంటి చోట ఒకే సరైన సమాధానం ఉందని జూనియర్‌కు నేర్పడం మంచిది కాదు.

రిటుక్సిమాబ్ ఒక్కటే చాలా? రిటుక్సిమాబ్‌ను సైక్లోఫాస్ఫమైడ్ (కణాలు పెరగకుండా ఆపే పాత మందు)తో పోల్చిన 2010 నాటి రేవ్ అధ్యయనం క్రియాటినిన్ 4 దాటినవారిని చేర్చుకోలేదని అతనే గుర్తుచేశాడు. నాకు చాలా సంతోషమేసింది. అధ్యయనం ఫలితం కంటే అందులో ఎవరు లేరన్నది ముందు చూడటం అలవాటైతే సగం పని అయినట్టే. అందుకే రిటుక్సిమాబ్ చదరపు మీటరుకు 375 మి.గ్రా. చొప్పున వారానికొకటి నాలుగు డోసులు, వాటిలో మొదటిదానికి, మూడోదానికి సైక్లోఫాస్ఫమైడ్ కలిపి ఇచ్చాం. కిలోకు 15 మి.గ్రా. కాకుండా, క్రియాటినిన్ ఎక్కువ కాబట్టి 12.5 చొప్పున 700 మి.గ్రా. లెక్క అతను వేశాడు, ఫార్మసిస్టు మళ్లీ వేశారు, నేను మూడోసారి చూశాను.

స్టెరాయిడ్ పెక్సివాస్‌లోని తక్కువ మోతాదు పద్ధతిలో తగ్గించాం. ఆవిడ బరువు 56 కిలోలు, కాబట్టి పల్స్ తర్వాత మొదటి వారం 60 మి.గ్రా., రెండో వారం నేరుగా 30, తర్వాత రెండు వారాలు 25, ఆపై 20, 15 అలా. రెండో వారంలోనే సగానికి తగ్గించడం చూసి జూనియర్లకు గుండె ఆగినంత పనవుతుంది. ఆ అధ్యయనంలో తక్కువ మోతాదు పనితనంలో ఏమీ తీసిపోలేదు, తీవ్రమైన ఇన్ఫెక్షన్లు తగ్గాయి. మొదటి ఏడాదిలో ఈ రోగులను పోగొట్టుకునేది జబ్బు కంటే ఎక్కువగా మా మందుల వల్ల వచ్చే ఇన్ఫెక్షన్ల వల్లే. దాన్ని నేను ప్రతి బ్యాచ్‌కీ ఒకటికి పదిసార్లు చెబుతాను. న్యుమోసిస్టిస్ అనే ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ రాకుండా కోట్రైమాక్సజోల్ తక్కువ మోతాదులో మొదలైంది.

డయాలసిస్ అవసరం రాలేదు. డిశ్చార్జ్ నాటికి క్రియాటినిన్ 3.2.

మూడో నెల

చాలా శిక్షణల్లో జూనియర్ ఇక్కడితో వేరే పోస్టింగ్‌కు వెళ్లిపోతాడు. అలా వెళ్లినవాడు జబ్బు మొదలవడం చూస్తాడు తప్ప, మందులు ఏం చేస్తాయో చూడడు. మా దగ్గర గ్లోమెరులస్ రోగి అయితే, జూనియర్ ఎక్కడ పోస్టింగ్‌లో ఉన్నా ఏడాది పాటు ఆ రోగి అతని బాధ్యతే. ఔట్ పేషెంట్‌లో ఆవిడ వచ్చిన రోజు అతను రావాలి.

మూడో నెలలో ఒక సాయంత్రం ఫోన్ చేశాడు. గొంతులో టెన్షన్ వినిపిస్తోంది. "క్రియాటినిన్ 2.1 నుంచి 2.7కి వెళ్లింది మేడమ్. మూత్రంలో రక్తం ఇంకా ఉంది, ఎం.పి.ఓ. కూడా కొంచెం పెరిగింది. రిలాప్స్ అయింది. మళ్లీ పల్స్ ఇద్దామా?"

రిలాప్స్ అంటే జబ్బు తిరగబెట్టడం. స్లైడు చూశావా అని అడిగాను. ఈసారి చూసే ఫోన్ చేశాడు. ఎర్రకణాలు 4–6, వాటిలో కొన్ని వంకర ఆకారంలో ఉన్నాయి, కాస్ట్‌లు ఒక్కటీ లేవు. ప్రోటీన్ గత నెల 0.8, ఇప్పుడు 0.7. ఒంట్లో వాపును చూపే సీ.ఆర్.పి. మామూలే. పొటాషియం 5.8. చెబుతూ చెబుతూ అతనే ఆగాడు. "రిలాప్స్ అయితే ప్రోటీన్ పెరగాలి కదా మేడమ్."

మందులన్నీ తెప్పించి చూశాడు. మూత్రంలో మంటగా ఉందని ఆవిడ ఇంటి దగ్గర చూపించుకుంటే కోట్రైమాక్సజోల్ పూర్తి మోతాదు రోజుకు రెండుసార్లు ఇచ్చారు. మేం రాసిన నివారణ మాత్ర కూడా ఆవిడ మానలేదు. బీపీకి టెల్మిసార్టన్ ఎలాగూ ఉంది, అదీ పొటాషియం పెంచేదే. కోట్రైమాక్సజోల్‌లో ఉండే ట్రైమెథోప్రిమ్ కిడ్నీ గొట్టాల నుంచి క్రియాటినిన్ బయటకు పోవడాన్ని అడ్డుకుంటుంది. అంటే వడపోత తగ్గకపోయినా అంకె పెరుగుతుంది. ఆ గొట్టాల గోడల్లో సోడియం వెళ్లే దారులను మూసి పొటాషియం బయటకు పోకుండా కూడా ఆపుతుంది. ఆ మందు వల్ల ఇంటర్‌స్టీషియల్ నెఫ్రైటిస్ కూడా రావచ్చు కాబట్టి ఒంటి మీద దద్దుర్లు, మూత్రంలో తెల్లకణాలు వెతికాం. లేవు. ఈసీజీ బాగుంది. కోట్రైమాక్సజోల్, టెల్మిసార్టన్ ఆపి, పొటాషియానికి మందు ఇచ్చి, రెండు రోజులకోసారి రక్తం చూశాం. ఐదో రోజుకి క్రియాటినిన్ 2.2, పొటాషియం 4.7.

తొలి రాత్రి ఆలస్యం చేయకుండా మందు ఇవ్వడం ఎంత నైపుణ్యమో, ఈ సాయంత్రం ఇవ్వకుండా ఉండగలగడం అంతే నైపుణ్యం. రిటుక్సిమాబ్ మీద ఉన్న, బలం ఇంకా పూర్తిగా రాని ఒక మనిషికి అనవసరంగా మరో పల్స్ స్టెరాయిడ్ పడేది. ఆంకా స్థాయి ఒక్కటే పెరిగితే రిలాప్స్ కాదు. మిగిలిపోయిన కొద్దిపాటి రక్తం నెలల తరబడి ఉండవచ్చు. ఇవన్నీ అతను చదివినవే. తన రోగి విషయంలో, తన ఫోన్‌లో, తన నోటితో చెప్పేటప్పుడే అవి పట్టుబడ్డాయి. ఇంటి దగ్గరి డాక్టరుకు ఒక ఉత్తరం రాసిచ్చాడు: ఏ మందులు వద్దు, ఏ లక్షణం వస్తే మాకు ఫోన్ చేయాలి. ఆ ఉత్తరం నమూనానే ఇప్పుడు మా వార్డులో అందరికీ వాడుతున్నాం.

ఏడాదికి

క్రియాటినిన్ 1.8, ప్రోటీన్ 0.4. రిటుక్సిమాబ్ 500 మి.గ్రా. ఆరో నెలలో ఒకటి, పన్నెండో నెలలో ఒకటి పడ్డాయి. ఇన్ఫెక్షన్లతో పోరాడే యాంటీబాడీ ఐ.జి.జి. స్థాయి కొద్దిగా తగ్గింది, ఇన్ఫెక్షన్లు లేవు. న్యుమోనియా, ఫ్లూ టీకాలు అయ్యాయి. లైవ్ టీకాలు వద్దని ఆవిడ కార్డు మీద ఎర్ర అక్షరాలతో రాసి ఉంది. స్టెరాయిడ్ 5 మి.గ్రా. నుంచి ఆపేశాం.

ఇప్పుడు అతని ముందున్న ప్రశ్న నిర్వహణ చికిత్స (జబ్బు తిరగబెట్టకుండా ఇస్తున్న రిటుక్సిమాబ్) ఎంతకాలం అన్నది. కెడిగో 18 నెలల నుంచి 4 ఏళ్ల వరకు అంటుంది. ఎం.పి.ఓ. రకంలో రిలాప్స్‌లు పీఆర్3 కంటే తక్కువ. ఐ.జి.జి. ఇంకా పడిపోతే ఇన్ఫెక్షన్ భయం పెరుగుతుంది. మరోసారి జబ్బు తిరగబెడితే తట్టుకునేంత కిడ్నీ ఆవిడకు మిగల్లేదు. తర్వాతి విజిట్‌కి ముందు తన నిర్ణయం కాగితం మీద రాసి తెస్తానన్నాడు. ఐ.జి.జి. ఎంత ఉంటే ఇస్తాడు, ఎంతకు పడితే ఆపుతాడు అన్న అంకెలు కూడా అందులో ఉండాలని చెప్పాను.